మిగిలిపోయే దెబ్బలు: మా ఓపెన్ టేబుల్ క్యాంపెయిన్ డైరీ

జూన్, మొదటి వారం

మా క్యాంపెయిన్‌లో, అంటే వారంవారం సాగే కథలో, పాత్రలకు తగిలే దెబ్బలు మరుసటి ఆదివారానికి కనపడకుండా పోతున్నాయి. అవి నిలవాలి, తర్వాతి కథలో పనికి రావాలి. అందుకే ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాను.

మా ఏర్పాటు గురించి కొంచెం చెప్పాలి. హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు ఒక బోర్డ్ గేమ్ కెఫేలో ఆదివారం మధ్యాహ్నాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడతాం. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఇది. అందరిదీ ఒకే కథాప్రపంచం. టేబుళ్లు మాత్రం వేరు, ఆటను నడిపించే డీఎంలు (డంజన్ మాస్టర్లు) వేరు. ఎవరు వస్తే వాళ్లు ఖాళీ ఉన్న టేబుల్లో కూర్చుంటారు. ఈ వారం నా దగ్గర ఆడిన రేంజర్ (అడవుల్లో తిరిగే వేటగత్తె పాత్ర) వచ్చే వారం ఇంకో డీఎం ముందు ఉంటుంది. పాత్రతో పాటు ప్రయాణించేది ఒక క్యారెక్టర్ షీటు మాత్రమే. అందులో హిట్ పాయింట్లు (పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె), కత్తులు, బంగారం ఉంటాయి. ఆ మనిషి ఏం అనుభవించాడో ఉండదు.

మొన్న నా టేబుల్లో ఒక పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడ్డ యోధుడు) వంతెన మీద ఒంటరిగా నిలబడి, మిగతావాళ్లు దాటేదాకా డ్రాగన్ విషపు ఊపిరిని తన మీదికే తీసుకుని చనిపోయాడు. అతని జట్టు డబ్బులు పోగేసి గుళ్లో రెయిజ్ డెడ్ అనే, చచ్చినవాళ్లను లేపే మంత్రం చేయించింది. ఆ మంత్రంతో లేచినవాడికి దాడులకు, సేవింగ్ త్రోలకు (ప్రమాదాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక), ఎబిలిటీ చెక్‌లకు (ఒక పని చేయగలడో లేదో తేల్చే పాచిక) మైనస్ నాలుగు ఉంటుంది. ఒక్కో లాంగ్ రెస్ట్‌కి, అంటే ఆటలో ఒక రాత్రి విశ్రాంతికి, ఒక్కో పాయింటు తగ్గుతుంది. మా ప్రపంచంలో వారం గడిచేసరికి అదీ పోయింది. ఆ కుర్రాడు పక్క టేబుల్లో ఆడి, వెళ్లిపోయేముందు నా దగ్గరకొచ్చి అన్నాడు: “అక్కా, నేను చచ్చి బతికానని ఈరోజు ఎవరికీ తెలియలేదు.”

అతనికి కావాల్సింది శిక్ష కాదు. తను చేసిన పనికి ప్రపంచంలో ఒక గుర్తు. నాకూ అదే కావాలి.

జూన్, మూడో వారం

కొత్తగా రూల్స్ రాసేముందు పెద్ద క్యాంపెయిన్లు ఏం చేశాయో కూర్చుని చదివాను. వేరువేరు ఊళ్లలో, వేరువేరు డీఎంల దగ్గర ఒకే పాత్రతో ఆడే పద్ధతి చాలా పాతది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని మొదట అచ్చువేసిన టీఎస్ఆర్ కంపెనీ 1980లో ఆర్‌పీజీఏ అనే ఆటగాళ్ల సంఘాన్ని మొదలుపెట్టింది. 2000 నుంచి 2008 దాకా నడిచిన లివింగ్ గ్రేహాక్ క్యాంపెయిన్‌లో అయితే నిజమైన దేశాలను, అమెరికా రాష్ట్రాలను గ్రేహాక్ అనే కథాప్రపంచంలోని రాజ్యాలకు జతచేశారు. మీరు ఎక్కడ ఉంటే ఆ రాజ్యం మీది. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఒక్కో పాత్రకు ఏడాదికి 52 టైమ్ యూనిట్లే ఇచ్చేవారు. సాహసానికి వెళ్తే అవి ఖర్చవుతాయి. అంటే కాలం కూడా బంగారంలాగే అయిపోయేది. బంగారం మళ్లీ సంపాదించవచ్చు, ఆ ఏడాది మాత్రం మళ్లీ రాదు.

ఇలాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్. దాని కోసం 2008లో మొదలైన పాత్‌ఫైండర్ సొసైటీ ప్రతి సాహసం చివర ఒక క్రానికల్ షీటు ఇస్తుంది, డీఎం దాని మీద సంతకం పెడతారు. వాళ్ల మొదటి ఎడిషన్‌లో చావుకు కచ్చితమైన ధర ఉండేది: రెయిజ్ డెడ్‌కి 5,450 గోల్డ్, లేదంటే 16 ప్రెస్టీజ్ (పరపతి) పాయింట్లు. ఒక్కో సినారియోకి, అంటే ఒక సాహసానికి, ఎక్కువలో ఎక్కువ రెండు పాయింట్లు వచ్చేవి. అంటే ఎనిమిది సినారియోల్లో ఏదీ తప్పకుండా సాధిస్తేనే ఒక ప్రాణం. బతికాక కూడా రెండు పర్మనెంట్ నెగెటివ్ లెవెల్స్ (పాత్ర బలాన్ని తగ్గించే లోట్లు) మిగిలేవి, వాటిని తీయించుకోవడానికి మళ్లీ ఖర్చు.

ఈ లెక్కను ఆ ఎడిషన్‌లోనే ఉన్న లెవెల్‌వారీ సంపద పట్టికతో కలిపి చూడండి. మూడో లెవెల్ పాత్ర ఆస్తి మొత్తం దాదాపు 3,000 గోల్డ్. పదో లెవెల్లో 62,000. ఒకే ధర మూడో లెవెల్ వాడికి ఆస్తంతా అమ్మినా అందదు, పదో లెవెల్ వాడికి పదో వంతు కూడా కాదు. చిన్న పాత్ర చస్తే అయిపోయినట్టే. పెద్ద పాత్ర చస్తే ఒక బిల్లు కట్టినట్టే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కే 2014లో వచ్చిన అడ్వెంచరర్స్ లీగ్ తొలి సీజన్లలో చిన్నవాళ్లను ఆదుకుంది. ఒకటి నుంచి నాలుగో లెవెల్ దాకా పాత్ర చనిపోతే దాని ఫ్యాక్షనే (కథలో పాత్ర చేరిన సంఘం) ఖర్చు పెట్టుకుని బతికించేది. బదులుగా ఆ సెషన్‌లో వచ్చిన ఎక్స్‌పీరియన్స్, బహుమతులు వదులుకోవాలి. ఆ పై లెవెల్స్‌కి 1,250 గోల్డ్.

వీటిని చూసి “అంతా డబ్బుతో కడిగేశారు” అనడం అన్యాయం. ముక్కూమొహం తెలియని డీఎం, ఏ ప్రశ్నా వేయకుండా మీ పాత్రను కూర్చోబెట్టుకోవాలంటే ధర అందరికీ ఒకటే అయి ఉండాలి, ముందే తెలిసి ఉండాలి. లేకపోతే ఒక డీఎం కోపం మీ పాత్ర మీద జీవితాంతం ఉండిపోతుంది. ఆ క్రమశిక్షణ వెనక చాలామంది ఆటగాళ్ల బాధ ఉంది. దాన్ని నేను వదులుకోను. కానీ కొత్త డీఎం షీటు చదివితే ఆ మనిషి కథ కూడా కొంత తెలియాలి. ఈ రెండూ ఒకే కాగితం మీద ఎలా పెట్టాలన్నదే నా పని.

2017లో వచ్చిన టూంబ్ ఆఫ్ యానిహిలేషన్ అనే సాహస పుస్తకం నుంచి ఒక విషయం రాసుకున్నాను. ఆ కథలో చచ్చి బతికినవాళ్లందరూ రోజురోజుకీ క్షీణిస్తుంటారు, కొత్తగా చచ్చినవాళ్లను లేపడం కుదరదు. ఇంత కఠినమైన రూల్‌ని ఆటగాళ్లు ఒప్పుకోవడానికి కారణం అది కథ మొదట్లోనే తెలియడం. దానికొక కారణం ఉంది, ఆ కారణాన్ని వెతికి అంతం చేయడమే కథ. ముందే చెప్పిన కష్టాన్ని జనం భరిస్తారు.

జులై, మొదటి ఆదివారం తర్వాత

2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో లింగరింగ్ ఇంజురీస్ అనే ఐచ్ఛిక పట్టిక ఉంది. ఇరవై ముఖాల పాచిక వేయాలి. ఒకటి పడితే కన్ను పోతుంది, రెండు పడితే చెయ్యి, మూడుకి కాలు, నాలుగుకి కుంటు. ఆ పైన లోపలి గాయాలు, విరిగిన పక్కటెముకలు, మచ్చలు. డీఎంలందరం కలిసి దీన్ని ఒక టేబుల్లో ప్రయత్నించాం.

రెండు సంగతులు వెంటనే బయటపడ్డాయి. మొదటిది, ఒకే గాయం అందరికీ ఒకటి కాదు. కన్ను పోతే దూరపు దాడులన్నిటికీ డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి). విల్లు పట్టుకున్న రేంజర్ ఆట అక్కడితో ఆగిపోతుంది. శత్రువులతో సేవ్‌లు (సేవింగ్ త్రోలు) వేయించే మంత్రాలు వాడే విజార్డ్‌కి (మాంత్రికుడికి) యుద్ధంలో ఏమీ కాదు. చెయ్యి పోతే రెండు చేతుల కత్తి ఫైటర్ గతి అంతే, ఒట్టి చేతులతో పోరాడే మాంక్‌కి పెద్ద తేడా ఉండదు. పాచిక గాయాన్ని ఎంచుకుంటుంది కానీ ఆ గాయం ఎవరికి తగిలిందో దానికి తెలియదు.

రెండోది ఇంకా పెద్దది. ఈ పట్టికను ఎప్పుడు వాడాలో పుస్తకం చెప్పే సందర్భాల్లో క్రిటికల్ హిట్ (పాచిక మీద ఇరవై పడి తగిలే గట్టి దెబ్బ) తగలడం, హిట్ పాయింట్లు సున్నాకి పడటం ఉన్నాయి. ఈ రెండూ ఎక్కువగా ఎవరికి జరుగుతాయి? ముందు వరసలో నిలబడి మిగతావాళ్లకు అడ్డుగా ఉండేవాళ్లకి. వెనక దాక్కున్నవాడు పదో లెవెల్ దాకా ఒక్క గీత పడకుండా వెళ్తాడు. అందరినీ కాపాడిన బార్బేరియన్ ఒంటికన్నుతో, ఒంటిచేత్తో మిగులుతాడు. ఇలా నాలుగు నెలలు ఆడిస్తే మా టేబుళ్లలో ముందుకెళ్లే మనిషే ఉండడు. ఆ పట్టిక పక్కన పెట్టేశాం.

జులై, మూడో వారం

దారి మన ఇంట్లోనే దొరికింది. మన పురాణాల్లో శాపం ఉత్తినే రాదు, విమోచనం తోడుగా వస్తుంది. జయవిజయుల కథ చిన్నప్పటి నుంచి వింటున్నదే. సనకాదుల శాపం తగిలాక విష్ణువు వాళ్లకు రెండు దారులు చూపిస్తాడు: ఏడు జన్మలు భక్తులుగా, లేదా మూడు జన్మలు శత్రువులుగా. త్వరగా తిరిగి రావాలని మూడు జన్మలే కోరుకున్నారు. ఒక కన్సీక్వెన్స్‌కి (వెంట మిగిలే ఫలితానికి) కావాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి. కారణం ఉంది, బరువు ఉంది, గడువు ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ఎంపిక ఉంది. తప్పించుకునే ఎంపిక కాదు, ఎలా మోయాలన్న ఎంపిక.

వేరే ఆటల్లోనూ ఆటగాడి చేతికే ఈ నిర్ణయం ఇచ్చినవి ఉన్నాయి. ఫేట్‌లో పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఆటలోంచి తప్పుకోకుండా ఎక్స్‌ట్రీమ్ కన్సీక్వెన్స్ తీసుకోవచ్చు, బదులుగా పాత్ర స్వభావాన్ని చెప్పే ఒక యాస్పెక్ట్ శాశ్వతంగా మారిపోతుంది. బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో ట్రామా (మనసుకు మిగిలే గాయం) వల్ల పాత్ర చిక్కుల్లో పడితే ఎక్స్‌పీరియన్స్ వస్తుంది, నాలుగో ట్రామాతో పాత్ర ఆ జీవితం నుంచి రిటైర్ అవుతుంది. దెబ్బ తగిలినవాడు టేబుల్లో వెనకబడకుండా, కథ మధ్యలోకి వస్తాడు. అది నాకు చాలా నచ్చింది.

అలా దెబ్బ కార్డు తయారైంది. పోస్టుకార్డులో సగం ఉంటుంది, క్యారెక్టర్ షీటుకి క్లిప్పుతో పెట్టుకోవచ్చు. మూడు గీతలు.

మొదటి గీతలో ఏం జరిగిందో ఒక్క వాక్యం. అది ఆటగాడే రాయాలి, డీఎం కాదు. రెండో గీతలో రూల్స్‌లో ఏం మారిందో రాస్తాం, ఒకే ఒక్క మార్పు. మూడో గీత విమోచనం.

మూడో డెత్ సేవ్ (హిట్ పాయింట్లు సున్నాకి పడ్డ పాత్ర బతకడానికి వేసే పాచిక) పోయినప్పుడు ఆటగాడు రెండిట్లో ఒకటి కోరుకోవచ్చు. చావు, లేదా కార్డు. కార్డు తీసుకుంటే పాత్ర ఒక్క హిట్ పాయింట్‌తో బతుకుతుంది, ఆ పోరాటంలో మళ్లీ లేవదు. కార్డులో మళ్లీ రెండు రకాలు: మూడు ఆటల పాటు బరువైనది, లేదా ఏడు ఆటల పాటు తేలికైనది. ఏదైనా సరే, ఆ క్లాసు (ఫైటర్, విజార్డ్ లాంటి పాత్ర రకం) చేసే ముఖ్యమైన పనిని డీఎం తనంతట తాను దెబ్బతీయకూడదు. పాటతో మంత్రాలు వేసే బార్డ్‌ని ఆడే మనిషి తనే “నా గొంతు పోయింది” అని రాసుకుంటే అది తన ఇష్టం.

బతికించే మంత్రాల దగ్గర చాలాసేపు వాదన జరిగింది. అప్పుడే చచ్చినవాళ్లను లేపే రివివిఫై మీద కార్డు ఉండదని తేల్చాం. నిమిషంలోపు మంత్రం వేయాలి, 300 గోల్డ్ విలువైన వజ్రాలు ముందే కొని సంచిలో పెట్టుకోవాలి. అంత ముందుచూపు ఉన్న క్లెరిక్‌కి (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పాత్రకి), ఆమె స్నేహితుడికి శిక్ష వేయడం న్యాయం కాదు. రెయిజ్ డెడ్‌కి మాత్రం కార్డు ఉంటుంది, కానీ మొదటి గీత ఒక్కటే. మైనస్ నాలుగు పెనాల్టీ పుస్తకంలోనే ఉంది కదా, దాని మీద ఇంకోటి ఎందుకు? చచ్చి బతికానన్న వాక్యం తోడుగా వెళ్తే చాలు. మా పాలడిన్ కుర్రాడు తన వాక్యం అప్పుడే రాసుకున్నాడు: “ఊపిరి పీల్చినప్పుడల్లా వేపాకు చేదు తెలుస్తుంది.”

ఆగస్టు, రెండో వారం

కార్డు మొదటిసారి పక్క టేబుల్లో వాడారు. నీళ్లు నిండిన సొరంగంలో ఒక విజార్డ్ మునిగిపోయాడు. మూడో డెత్ సేవ్ కూడా పోయింది. ఆ డీఎం కాలేజీ అబ్బాయి, నా వైపు తిరిగి “అక్కా, ఇప్పుడు అడగాలా?” అన్నాడు. అడగమన్నాను.

ఆ విజార్డ్‌ని ఆడే అమ్మాయి మూడాటల బరువు కోరుకుంది. మొదటి గీతలో రాసింది: “నీళ్లలో చీకటి నన్ను పేరు పెట్టి పిలిచింది.” రెండో గీతలో, నడుము పైకి నీళ్లున్న చోట విజ్‌డమ్ సేవ్‌లకు (భయం, మాయ లాంటివాటిని తట్టుకునే పాచిక) డిసడ్వాంటేజ్. విమోచనంగా, మూడు ఆటలు గడవాలి, లేదా ఎవరినైనా కాపాడటానికి తనంతట తానే నీళ్లలోకి దిగాలి.

నేను ఎదురుచూసింది ఆ తర్వాతి ఆదివారం కోసం. కొత్త టేబుల్, ఆ విజార్డ్‌ని ఎప్పుడూ చూడని డీఎం. ఆట మొదలయ్యేముందు అందరి కార్డులు తీసుకుని చదివింది. ఆవిడ రాసుకొచ్చిన కథలో ఒక నది దాటాల్సి ఉంది. మామూలుగా ఒక్క మాటలో దాటించేసేది. ఈసారి ఆగింది. పడవ చిన్నది, నీళ్లు లోపలికి వస్తున్నాయి అంది. బార్బేరియన్ ఆడేవాడు ఏమీ అడక్కుండా “నువ్వు నా భుజాల మీదెక్కు, నేను నడుస్తా” అన్నాడు. వాళ్లిద్దరి పాత్రలు అంతకుముందు కలవలేదు. దారి పొడుగునా వాళ్లు మాట్లాడుకున్న మాటలు ఆ రోజు యుద్ధాల కంటే బాగున్నాయి. ఒక టేబుల్లో రాసింది ఇంకో డీఎం చదివి, మూడో మనిషి దానికి జవాబిచ్చాడు. నాకు కావాల్సింది కచ్చితంగా ఇదే. ఆ రాత్రి చాలాసేపు సంతోషంగా ఉన్నాను.

ఆగస్టు, చివరి వారం

మాతో ఆడే ఒకాయనకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. డీఎంల కోసం నేను రాసిన ఉదాహరణల కాగితం చదివి నన్ను పక్కకు పిలిచారు.

“అమ్మా, కుంటడాన్ని ఇందులో పెట్టారు, దానికి విమోచనం అంటే నయం కావడం అని ఒక్కటే రాశారు. నేను రోజూ నడుస్తున్నాను, బండి నడుపుతున్నాను. నా పాత్రకి కాలు పోతే హాయిగా ఆడతాను. కానీ నయమైతేనే కథ పూర్తయినట్టా?”

ఆయన చెప్పింది ఆటకు కూడా మంచిదే. ఐదో ఎడిషన్‌లో పోయిన అవయవం తిరిగి రావాలంటే రీజెనరేట్ లాంటి ఏడో లెవెల్ మంత్రం కావాలి. క్లెరిక్‌కి అది పదమూడో లెవెల్లో గానీ అందదు. రెయిజ్ డెడ్ పోయిన అవయవాలను తిరిగి ఇవ్వదు. మా ఆటగాళ్లలో ఎక్కువమంది ఆ లెవెల్ దాకా వెళ్లరు. నయం ఒక్కటే దారి అంటే వాళ్లకు దారే లేదన్నట్టు.

ఇప్పుడు మూడో గీతలో రెండు దారులు ఉంటాయి: నయం, అలవాటు. అలవాటు అంటే పాత్ర ఆ శరీరంతో కొత్తగా పని నేర్చుకుంటుంది. గడువు పూర్తవగానే రెండో గీత కొట్టేస్తాం, మొదటి గీత ఉంటుంది. ఒంటిచేతి ఫైటర్ ఒంటిచేతి ఫైటర్‌గానే ఉంటాడు, పెనాల్టీ ఉండదు. తన కవచానికి పట్టీలు ఎలా మార్చుకున్నాడో ఆటగాడు చెప్తే చాలు. ఉదాహరణల కాగితం ఆయన పక్కన కూర్చుని మొత్తం తిరగరాశాం.

దీనితో పాటు జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్‌ని ప్రతి టేబుల్ మధ్యలో పెడుతున్నాం. ఎవరైనా దాన్ని తాకితే ఆ వివరం కథలోంచి తీసేస్తాం, కారణం అడగం. దెబ్బ కార్డులో రాసిన వాక్యానికీ ఇది వర్తిస్తుంది. పక్కవాడి గాయం నాకు భరించరానిదైతే ఆ వాక్యాన్ని మార్చి రాస్తారు.

సెప్టెంబరు, రెండో వారం

ఒంటి మీద దెబ్బల సంగతి ఒక దారికి వచ్చింది. ఊరి మీద పడిన దెబ్బల సంగతే కష్టం.

ఒక టేబుల్ వాళ్లు గోబ్లిన్లను తరుముతూ ఒక పల్లె ధాన్యం కొట్టు తగలబెట్టారు. పక్క టేబుల్ వాళ్లు అదే పల్లెలో బస చేయబోతున్నారు. వాళ్లలో ఇద్దరు ఆ రోజే కొత్తగా చేరినవాళ్లు. ఒక డీఎం, ఊరంతా బయటివాళ్లను తరిమేస్తుందన్నాడు. ఇంకొకరు, చేయని తప్పుకి కొత్తవాళ్లు ఎందుకు మోయాలన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

చివరికి రెండుగా విడదీశాం. పోయిన వస్తువు అందరికీ పోయినట్టే. ధాన్యం కాలిపోయింది కాబట్టి కోతల దాకా ఆ ఊళ్లో తిండి ధర ఎవరికైనా రెట్టింపు. కోపం మాత్రం ఆ రోజు ఆ టేబుల్లో ఉన్న పాత్రల మీదే. వాళ్ల పేర్లు ఊరి కార్డు మీద రాసి ఉంటాయి, అది డీఎంల డబ్బాలో ఉంటుంది. ఊరి కార్డుకీ విమోచనం గీత ఉంది: కొట్టు తిరిగి కట్టించాలి, ధాన్యం నింపాలి. కొత్తగా చేరిన ఆ ఇద్దరూ తమ పని కాకపోయినా వచ్చే ఆటలో ఎడ్లబండ్లతో ధాన్యం తెస్తామంటున్నారు.

కాలం చిక్కు ఇంకొకటి. ఒకే మధ్యాహ్నం ఒక టేబుల్ వాళ్లు కోట సుంకాధికారిని చంపేశారు. గంట తర్వాత ఇంకో టేబుల్ వాళ్లు ఆయన చేతుల మీదుగానే అనుమతి పత్రం తీసుకున్నారు. ఏది ముందు? మేం పెట్టుకున్న పద్ధతి ఇది. ఆటలో కాలం బయటి కాలంతో పాటే నడుస్తుంది, కానీ ఆదివారం జరిగినవన్నీ ఆ రాత్రి చిట్టాలో రాశాకే ప్రపంచానికి తెలుస్తాయి. అప్పటిదాకా ప్రతి టేబుల్లోనూ పోయిన వారం చిట్టాలో ఉన్న ప్రపంచమే నిజం. కాబట్టి అనుమతి పత్రం చెల్లుతుంది, సుంకాధికారి ఆ సాయంత్రం చనిపోయాడు. ఆయన ఆఖరి సంతకం ఆ పత్రం మీదే ఉంది. హత్య విచారించే కొత్త అధికారి ఆ పత్రం పట్టుకొచ్చినవాళ్లను ఏమడుగుతాడో నాకు చాలా ఆసక్తిగా ఉంది.

చిట్టా అంటే డీఎంల వాట్సాప్ గ్రూపులో పిన్ చేసిన ఒక షీటు. ఊరి పేరు, ఏం మారింది, ఎవరు చేశారు, విమోచనం. ఆదివారం రాత్రి పదింటిలోపు రాయాలి. రాయని సంఘటన ఆ టేబుల్ వరకే పరిమితం. ఇంకో డీఎం దాన్ని పాటించక్కర్లేదు.

అక్టోబరు, మొదటి వారం

ఇంకా తేలనిది ఒకటుంది. ఒకే పాత్ర మీద మూడు కార్డులు ఒకేసారి ఉంటే ఆ పాత్ర పట్నంలో ఉండిపోవాలని రాసుకున్నాం. ఆటగాడు రెండో పాత్రను తీసుకుని, మొదటివాడి విమోచనం వెతకడానికి వెళ్తాడు. కథగా ఇది చాలా బాగుంటుంది. చిక్కల్లా లెవెల్‌తోనే. ఎనిమిదో లెవెల్ పాత్ర ఆగిపోతే, ఒకటో లెవెల్ రెండో పాత్ర ఏ టేబుల్లో కూర్చోవాలి? మొదటి పాత్ర కంటే రెండు లెవెల్స్ తక్కువతో మొదలుపెట్టమని ఒక డీఎం అంటున్నారు. అలాగైతే కష్టపడి ఒకటి నుంచి ఎదిగినవాళ్లకు అన్యాయమని ఇంకొకరు. నేను మొదటి మాట వైపే ఉన్నాను. దెబ్బలు తిన్న ఆటగాడు స్నేహితుల టేబుల్‌కి దూరమైతే ఈ ప్రాజెక్టు చేసినదానికి అర్థం ఉండదు. శనివారం డీఎంలందరం కూర్చుని తేలుస్తాం.

కార్డులు మందపాటి కాగితం మీద ప్రింటుకి ఇచ్చాను. వెనకవైపు ఖాళీ గళ్లు ఉంటాయి. కార్డు ఆటలోకి వచ్చినప్పుడల్లా ఆ రోజు డీఎం తేదీ వేసి సంతకం పెట్టాలి, గడువు అలాగే లెక్కవుతుంది. ఈ ఆదివారం నుంచి అన్ని టేబుళ్లలో ఇవే. కోట వైపు వెళ్లే టేబుల్ డీఎం చిట్టాలో సుంకాధికారి గురించి ఉన్నది ముందే చదువుకుని రావాలి.